వంటింటి గుమ్మం దగ్గర అనకాపల్లి

“ఇరుసుకి కందెన పెట్టావా?”

“పెట్టానండి అత్తయ్యగారూ.”

“సరే అయితే, పద.”

మా అత్తగారికీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలివి. అప్పుడు వాకిట్లో బండీ లేదు, కాడి కింద ఎద్దులూ లేవు. ఆవిడ మంచాన ఉంది. నేను ఆవిడ అరికాళ్ళకి ఆముదం రాస్తున్నాను. ఆ వాసన తగిలి ఆవిడకి బండి గుర్తొచ్చి ఉంటుంది. ఇవాళ పొద్దున్న మన చావిట్లో గడ్డిమసి ఆముదంలో కలిపి ఎవరో బండి ఇరుసుకి పెడుతుంటే, అదే వాసన వంటింట్లోకి వచ్చింది. చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. మా బావగారి మనవరాలు చిట్టెమ్మ చూసి, ఏంటి చిన్నమామ్మా అలా నిలబడిపోయావు, పప్పు అడుగంటుతోంది అంది. పప్పు దించి, నువ్వు పలకా పుల్లా కాదు, కాయితం తెచ్చుకుని కూర్చో, నేను చెప్పింది రాయి అన్నాను. నాకు నా పేరు రాయడం వచ్చు, అదీ పడుతూ లేస్తూ. చిట్టెమ్మ బడికి వెళ్ళిన పిల్ల. అందుకని మాట నాది, రాత దానిది. నా గొంతు బొంగురు. సరిగా వినపడకపోతే మళ్ళీ చెప్పించుకోమన్నాను గాని, సొంతంగా బాగుచేసి రాయొద్దన్నాను.

మా అత్తగారు మహాలక్ష్మమ్మగారు. పాలకొల్లుకి దగ్గర, కాలవగట్టు మీద మా ఊరు. ఆవిడ పొడుగ్గా, చెరుకుగడలా ఉండేది. నడిస్తే వెనక మనం పరిగెత్తాలి. మావగారు పోయాక కూడా చేనుగట్ల మీదికి తనే వెళ్ళేది. ఎవరి మీదా గొంతు ఎత్తేది కాదు. ప్రశ్నలు మాత్రం అడిగేది. కుండలమ్మేవాడు వచ్చినా, పెళ్ళిళ్ళ పేరయ్య వచ్చినా, ఏ దారిన వచ్చావు, ఆ దారిలో బురద ఎంత ఉంది, ఎక్కడ ఆగావు అని అడక్కుండా గుమ్మం దాటనిచ్చేది కాదు. నేను కాపరానికి వచ్చిన కొత్తలో ఇదేం పిచ్చి అనుకునేదాన్ని. అదే ఆవిడ చదువని తర్వాత తెలిసింది.

ఆవిడ చిన్నకొడుకు నా భర్త. మేమిద్దరం కలిసి ఉన్నది కొద్దికాలమే. ఆయన ఒకసారి ధాన్యం బళ్ళతో గోదావరి రేవు దాటి రాజమహేంద్రవరం వెళ్ళి, అక్కణ్నుంచి ఉత్తరానికి పోయే పెద్దరోడ్డు చూసి వచ్చారు. ఇదెక్కడికి పోతుందని ఎవరినో అడిగితే కలకత్తా దాకా పోతుందన్నారట. ఆ మాట ఆయన్ని పట్టుకుంది. అన్నం ముందు కూర్చున్నా అదే మాట. ఒక రోడ్డు అంత దూరం ఎక్కడా తెగకుండా ఎలా పోతుందంటావు అని నన్నడిగేవారు. నాకేం తెలుసు, కాలవ ఎలా పోతుందో అలాగే అనేదాన్ని. ఒక వేసవిలో కోతలయ్యాక, పొగాకు బళ్ళు తోలుకెళ్ళే షావుకారు వెంట తోడుగా బయల్దేరారు. పూరీ జగన్నాథం దాకా వెళ్ళి స్వామిని చూసి వస్తానన్నారు. రాలేదు. ఇచ్ఛాపురం దాటాక, చిలకా సరస్సుకి ఇవతల ఒక సత్రంలో జ్వరమొచ్చి పోయారని, అక్కడే దహనం చేశామని బళ్ళవాళ్ళు వచ్చి చెప్పారు.

జరగాల్సినవి జరిగాయి. అవి నేను చెప్పను. కాని ఆ తర్వాత ఊళ్ళో మాటలు మొదలయ్యాయి. పనీపాటా లేక పోయాడని, ఇంటిపట్టున ఉంటే బతికేవాడని, తెలివి తక్కువవాడు గనకే అలా దిక్కులేకుండా పోయాడని. మా బావగారు కూడా తమ్ముడి మీద ప్రేమతోనే అనుకోండి, వాడికి చేతకాని పని ఎందుకు నెత్తికెత్తుకున్నాడో అని నలుగురిలోనూ అనేవారు. అత్తగారు వినేది, తన పని చూసుకునేది. ఒక రోజు వీధి అరుగు మీద పక్కింటాయన అదే మాట అంటే మాత్రం లోపల్నుంచి బయటికొచ్చింది. నేను తలుపు వెనకాల ఉన్నాను.

“ఆ దారి నువ్వు చూశావా?” అని అడిగింది.

“లేదండి.”

“నేనూ చూడలేదు. నేను చూసి వస్తాను. అప్పుడు చెబుతాను మా వాడికి ఏం చేతనయ్యేదో, ఏం కాదో.”

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఊరందరికీ జగన్నాథ యాత్ర అని చెప్పింది గాని, వెళ్ళాలనుకున్నది ఆ సత్రం దాకా అని నాకు ఆ రోజే తెలిసింది. కొడుకు పోయిన దుఃఖం కంటే, కొడుకుని చేతకానివాడనడం ఆవిడకి ఎక్కువ బాధ. నాకూ అంతే. కాని నేను నోరు విప్పి చెప్పగలిగేదాన్ని కాదు.

ఇక అప్పట్నుంచి దారి కూడబెట్టడం మొదలుపెట్టింది. జగన్నాథం వెళ్ళొచ్చినవాళ్ళు, బైరాగులు, ఉత్తరాది నుంచి గుడ్డలమ్ముకునేవాళ్ళు, ఎవరు కనపడినా పిలిచి పెరుగన్నం పెట్టేది. వాళ్ళు తిని చెయ్యి కడుక్కుని భక్తిగా స్వామి కళ్ళ గురించి, రథం గురించి మొదలుపెట్టేవారు. “దేవుడెక్కడికీ పోడు నాయనా, ఆయన్ని నేను వెళ్ళి చూసుకుంటాను. తునికి ఇవతల వాగులో చక్రం ఎంతవరకు మునుగుతుందో అది చెప్పు” అనేది. ఒకడు చెప్పింది ఇంకొకడు చెప్పినదాంతో సరిపోతేనే నమ్మేది. సరిపోకపోతే మూడోవాడు వచ్చేదాకా కాచుకునేది.

మరి ఆవిడకి రాత రాదు, నాకూ రాదు. ఇంత దారి ఎక్కడ దాచుకోవాలి? ఇంట్లోనే పరిచింది. వీధి అరుగు రాజమహేంద్రవరం రేవు. తులసికోట పిఠాపురం. రోలు దగ్గర తుని. వంటింటి గుమ్మం అనకాపల్లి. దాటి పెరట్లోకి వెళ్తే గాబు దగ్గర విజయనగరం, నూతిగట్టు శ్రీకాకుళం, గడ్డిమేటు ఇచ్ఛాపురం. గడ్డిమేటు వెనక నిమ్మచెట్టు కింద ఆ సత్రం. దాని అవతల దడి దాకా జగన్నాథం. మధ్యలో ఎక్కడ మంచి నీళ్ళున్నాయో అక్కడ ఒక గవ్వ, ఎక్కడ రాళ్ళదారి ఉందో అక్కడ ఒక పెంకుముక్క. పొద్దున్న ఊడ్చేటప్పుడు వాటిని ఎత్తి, ఊడ్చి, మళ్ళీ పెట్టే పని నాది. ఏ గవ్వ ఎక్కడిదో తప్పితే ఒప్పుకునేది కాదు. కొన్నాళ్ళకి మా నోళ్ళల్లో ఆ ఊళ్ళే పలికాయి. చేట ఎక్కడుందే అంటే తునిలో ఉందండి అనేదాన్ని. ఒకసారి మా ఆడపడుచు వచ్చి, అమ్మ ఏదీ అని అడిగితే, శ్రీకాకుళంలో కాళ్ళు కడుక్కుంటున్నారు అని చెప్పాను. ఆవిడ పాపం గుండె పట్టుకుని కూలబడింది, తల్లికి మతి పోయిందో వదినకి పోయిందో తెలియక.

మా బావగారికి ఇదంతా మొదట వేళాకోళంగానే ఉండేది. నిజంగా వెళ్తుందని తెలిశాక కాదన్నారు. మగదిక్కు లేకుండా ఆడవాళ్ళు అంత దూరమా, పాలేరు పోలయ్య ఒక్కడు ఉంటే చాలా, నేను పొలం వదిలి రాలేను, వెళ్ళడానికి వీల్లేదన్నారు. ఆయనతో నేను ఎదురుగా మాట్లాడే ఆచారం లేదు. తలుపు వెనక నిలబడి వింటున్నాను. అత్తగారు నింపాదిగా, ముందు మెట్టకి వెళ్ళి వస్తాం నాయనా అంది. జంగారెడ్డిగూడెం వైపు వెళ్ళి తిరిగి వస్తాం, మధ్యలో మా కోసం ఏ మగవాడైనా రావలసి వస్తే ఇక యాత్ర మాట ఎత్తను, రాకపోతే నువ్వు అడ్డు చెప్పకు అంది. ఆయన సరేనన్నారు. రెండో రోజుకే కబురొస్తుందని ఆయన నమ్మకం.

దాదాపు ఆయన అన్నంత పనీ అయింది. ఆ సంగతి చెప్పాలి. బండిలో బియ్యం, అటుకులు, చింతపండు, ఊరగాయ జాడీ, ఆముదం సిద్దె, చక్రం ఊడకుండా ఇరుసుకి దిగేసే కడశీలలు అదనంగా, తాళ్ళు, ఎండుగడ్డి, అన్నీ పెట్టుకున్నాం. దబ్బనం కూడా మర్చిపోలేదు. మెట్ట ఎక్కాం. దుమ్ము, ఎర్రమట్టి, చుట్టూ జీడిమామిడి తోటలు. మధ్యాహ్నానికి ఎద్దులు నాలుకలు బయటపెట్టాయి. అప్పుడు చూసుకుంటే బండిలో నీళ్ళు తోడే చేద లేదు, నీళ్ళకుండా లేదు. మేం కాలవలొచ్చాక పెరిగినవాళ్ళం. దాహం వేస్తే గట్టు దిగి వంగి తాగడమే. నీళ్ళని వెంట పెట్టుకుని పోవడమన్నది మా వైపు ఎవరికీ తోచదు. అన్నాళ్ళు గవ్వలు పరిచిన మా అత్తగారికీ తోచలేదు. గవ్వ ఉందంటే అక్కడ ఎద్దు దిగి తాగుతుందనే అనుకుంది. తీరా మెట్టలో నీళ్ళంటే లోతైన నుయ్యి.

నూతి దగ్గర ఒక ఆవిడ నీళ్ళు తోడుకుంటోంది. మమ్మల్ని చూసి, నీళ్ళ మీద తేలే ఊళ్ళవాళ్ళు నీళ్ళు లేకుండా వచ్చారేంటమ్మా అని పడీపడీ నవ్వింది. నవ్వినా తోడి పోసింది. తీరా పోస్తే ఎద్దులు ముట్టవు. మూతి పెట్టి, వాసన చూసి, తల తిప్పేసుకున్నాయి. కాలవనీళ్ళ రుచి మరిగినవి, ఆ ఉప్పదనం వాటికి పట్టలేదు. పోలయ్య ఈల వేశాడు, బతిమాలాడు, తిట్టాడు. కర్రెద్దు మోకాళ్ళ మీద కూలబడింది. నాకు ఏడుపొచ్చింది. అక్కడ కూలినది ఎద్దు కాదు, మా ప్రయాణమే అనిపించింది. అప్పుడు ఆ నూతి దగ్గరావిడే ఇంటికెళ్ళి దోసెడు తవుడు తెచ్చి నీళ్ళల్లో కలిపింది. కుడితి అనుకుని రెండూ తొట్టి నాకేశాయి. రోజుకి కాస్త కాస్త తవుడు తగ్గిస్తూ పోతే నాలుగు రోజుల్లో ఏ నీళ్ళైనా తాగుతాయి అని చెప్పింది. మా అత్తగారు ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత కూర్చుని పొద్దుగూకేదాకా ప్రశ్నలే.

ఎవరి సాయానికీ కబురు పెట్టకుండా ఇంటికి చేరాం. ఎద్దులు సగం చిక్కిపోయాయి. నేను ఈ సంగతి ఎవరికీ తెలియకూడదనుకున్నాను. ఆవిడ బండి దిగి, కాళ్ళు కడుక్కుని, వీధి అరుగు మీద కూర్చుని అందరినీ పిలిచి తనే చెప్పింది, ఆ నవ్విన ఆవిడ నవ్వుతో సహా. మా బావగారు, ఇంత దూరానికే ఇలా అయితే జగన్నాథం ఎలా వెళ్తావమ్మా అన్నారు.

“ఇంటి దగ్గర చెడితే నేర్చుకుంటాం నాయనా. ఇచ్ఛాపురం దగ్గర చెడితే చస్తాం. అందుకే ఇక్కడ చెడగొట్టుకొచ్చాను” అంది.

ఆయన మళ్ళీ అడ్డు చెప్పలేదు. అన్న మాట మీద నిలబడే మనిషి.

ఆ వారంలోనే ఆవిడ పగ్గాలు నా చేతిలో పెట్టింది. పోలయ్యకి ఏదన్నా అయితే ఎవరు తోలతారు అని ప్రశ్న. నేను నోరెళ్ళబెట్టాను. పెద్దింటి కోడలు, అందులోనూ నాలాంటిది, బండి తోలడమా? కాలవగట్టు మీద రోజూ సాయంత్రం తోలించేది. తను వెనక గడ్డిలో కూర్చునేది. గట్టు పొడుగునా జనం. ఒకడు, ఇక మగాళ్ళం ఇంట్లో కూర్చుని వడ్లు దంచుకోవాలి కాబోలు అన్నాడు. ఆవిడ తల కూడా తిప్పకుండా, “దంచు నాయనా, నూక పడకుండా దంచు” అంది. నాకు నవ్వాగలేదు. పగ్గాలు జారి బండి కాలవలోకి దిగబోయింది. అయినా ఆ నవ్వుతోనే నా సిగ్గు సగం పోయింది. మిగతా సగం ఎద్దుల్ని అదిలించి అదిలించి గొంతు బొంగురుపోయినప్పుడు పోయింది.

మరుసటి యేడు మాఘమాసంలో బయల్దేరాం. ఎద్దులకి లాడాలు కొట్టించాం. తవుడు రెండు బస్తాలు. రేవు దాటి పెద్దరోడ్డు ఎక్కినప్పుడు అత్తగారు బండి ఆపించి, దిగి, రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడింది. కాసేపటికి ఎక్కి కూర్చుంది. తులసికోట దాటాం, రోలు దాటాం, గుమ్మం దాటాం. ఏ ఊరొచ్చినా నాకు మా ఇల్లే కనపడేది. శ్రీకాకుళంలో పోలయ్యకి జ్వరం తగిలింది. సత్రంలో పడుకోబెట్టి, కషాయం పోసి చూశాం. తగ్గుతోంది గాని లేవలేడు. అవతల కలిసి వెళ్ళే యాత్రికుల బళ్ళు తెల్లవారితే కదులుతాయి. వాటితో వెళ్ళకపోతే ఆ దారిలో ఒంటరిగా పోలేం. అత్తగారు నా వైపు చూసింది.

“ఏం చేద్దామంటావు?” అని అడిగింది.

అన్నాళ్ళలో అందరినీ దారి అడిగిన మనిషి నన్నడగడం అదే మొదలు. ఎద్దులు బాగానే ఉన్నాయండి అన్నాను. పోలయ్యని సత్రంవాళ్ళకి అప్పగించి, తిరుగుదారిలో తీసుకెళ్తామని చెప్పాం. వాడు, చిన్నమ్మగారూ, దిగుడులో తెల్లెద్దు తొందరపడుతుంది, ముక్కుతాడు బిగించి పట్టుకోండి అని మంచం మీంచే పాఠం చెప్పాడు.

అక్కణ్నుంచి నేనే తోలాను. రాళ్ళు, ఇసక, మళ్ళీ రాళ్ళు. ఒక ఏటి ఇసకలో ముందున్న బళ్ళు మూడు దిగబడిపోయాయి. ఎవరి బండి వాళ్ళు తోసుకుంటుంటే, అత్తగారు దిగి కొమ్మలు విరిచి చక్రాల ముందు వేస్తూ నడిచింది. నేను అరుస్తూ తోలాను. మేం ఒడ్డెక్కాక మిగతా మగాళ్ళు కూడా కొమ్మలు విరిచారు. ఇది గొప్పకి చెప్పడం కాదు అంటే అబద్ధం. గొప్పకే చెబుతున్నాను.

ఆ సత్రం చేరాం. మట్టిగోడలు, తాటాకు కప్పు. వెనకాల దూరంగా తెల్లగా నీళ్ళు. సత్రం చూసుకునే ముసలాయనకి మన మాట వచ్చు. పలానా కాలంలో పొగాకు బళ్ళతో వచ్చి ఇక్కడ పోయిన మనిషి కోసం వచ్చామని చెప్పాను. ఆయన పేరేంటమ్మా అని అడిగాడు.

మన ఆడవాళ్ళకి తెలుసు ఇది ఎంత ప్రశ్నో. మొగుడి పేరు నోట పలకడం మా ఇళ్ళల్లో లేదు. బతికుండగా లేదు, పోయాకా లేదు. జనాభా రాసుకునేవాళ్ళు వచ్చినప్పుడు కూడా పక్కింటివాళ్ళ చేత చెప్పించేవాళ్ళం. నేను అత్తగారి వైపు చూశాను. తల్లి గదా, ఆవిడ చెప్పొచ్చు. ఆవిడ పెదవులు బిగించుకుని నీళ్ళ వైపు చూస్తోంది. చెబుతుందని కాచుకున్నాను. చెప్పలేదు.

“ఇక్కడిదాకా తోలుకొచ్చింది నువ్వు. నువ్వే చెప్పు” అంది, నా వైపు తిరక్కుండానే.

“వీర్రాజు” అన్నాను.

గొంతు దుమ్ముకొట్టుకుపోయి ఉంది. ముసలాయనకి వినపడలేదు. చెవికి చెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ చెప్పమన్నాడు. ఈసారి ఎద్దుల్ని అదిలించినంత గట్టిగా చెప్పాను. వీర్రాజు, పాలకొల్లు దగ్గర మా ఊరు, పెద్దరోడ్డు ఎక్కడికి పోతుందో చూడాలని వచ్చారు అని చెప్పాను. సత్రంలో పడుకున్నవాళ్ళు లేచి చూశారు. ముసలాయన చాలాసేపు ఆలోచించాడు. గుర్తు లేదమ్మా, ఈ దారిన ఎందరో వస్తారు, కొందరు ఆగిపోతారు అన్నాడు. దహనాలు చేసే చోటు మాత్రం చూపించాడు. ఇసక, అడ్డదిడ్డంగా గడ్డి, అంతే.

అత్తగారు ఆ ఇసకలో కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. వెనక్కి తిరిగి మేం వచ్చిన దారి కనపడినంత మేరా చూసింది.

“నేను ఎన్ని కూడబెట్టుకుని వచ్చానే. నీళ్ళు, తవుడు, లాడాలు, నువ్వు. వాడికి ఇవేవీ చెప్పినవాళ్ళు లేరు. భుజాన ఒక దుప్పటి వేసుకుని ఇక్కడిదాకా వచ్చాడు. చేతకానివాడు రాగల దారి కాదే ఇది” అంది.

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం ఎలా ఉందో రాయడం చిట్టెమ్మ వల్ల కాదు, చెప్పడం నా వల్లా కాదు. కొడుక్కి పట్టాభిషేకం చేసినట్టు ఉంది. మర్నాడు అక్కణ్నుంచి జగన్నాథం బయల్దేరాం. స్వామిని చూశాం. అది అందరూ చెప్పేదే. తిరుగుదారిలో పోలయ్య శ్రీకాకుళం సత్రం గుమ్మంలో కూర్చుని మా కోసం ఎదురుచూస్తున్నాడు, వాడి మొహం విప్పారింది. నేను పగ్గాలు ఇవ్వబోతే, ఊరిదాకా మీరే తోలండి చిన్నమ్మగారూ, అందరూ మిమ్మల్ని చూస్తుంటే నేను వెనక కూర్చుని చూస్తాను అన్నాడు.

ఊరు చేరాక అత్తగారు అరుగు మీద కూర్చుని దారంతా చెప్పింది, ఇసక దగ్గర ఇసకంత, రాళ్ళ దగ్గర రాళ్ళంత. చెప్పి, ఇదీ మా వాడు నడిచిన దారి అంది. పక్కింటాయన తల వంచుకున్నాడు. మా బావగారు అందరూ వెళ్ళేదాకా ఆగారు. తర్వాత వంటింటి తలుపు దాకా వచ్చి, అవతల నిలబడి, నాతో మొదటిసారి ఒక మాటన్నారు. మా తమ్ముడి పేరు నిలబెట్టావమ్మా అన్నారు.

ఇప్పుడు గోదావరి మీద వంతెన పడింది. రైలెక్కితే మా గవ్వలూ పెంకుముక్కలూ అన్నీ కిటికీలోంచి వెనక్కి పోతాయి. పోనీ, మంచిదే. ఈ వీధిలో ఆడపిల్లలు ఎటైనా వెళ్ళాలనుకుంటే ఇప్పటికీ నా దగ్గరికొస్తారు. దేవుడి గురించి అడిగితే నాకు తెలియదంటాను. నీళ్ళు ఎక్కడున్నాయో, ఎవరినడగాలో, ముందు ఎక్కడికి వెళ్ళి చెడగొట్టుకు రావాలో చెబుతాను. అది మా అత్తగారి ఆస్తి, నాకొచ్చింది. ఇంకొకటి కూడా ఉంది. ఆ ఇసక ఒడ్డున ఒకసారి పలికిన పేరు మళ్ళీ నా నోట ఆగలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు మొదట చెవులు మూసుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. మా ఆయన ఎవరని కొత్తవాళ్ళడిగితే పక్కవాళ్ళ మొహం చూడను.

చిట్టెమ్మా, అంతే. కలం పెట్టెయ్. నేను చెప్పినట్టే రాశావా, నీ బడి మాటలేమన్నా కలిపావా? మొదట్నుంచీ ఒకసారి చదివి వినిపించు. మీ చిన్నతాత పేరు వచ్చిన చోట గొణక్కు, గట్టిగా చదువు.